పొలుసుల జబ్బుకు పూర్వజన్మతో పనేమిటి?

సోరియాసిస్ అని డాక్టరు పేరు పెట్టి చెప్పిన రోజునే రోగి ఇంట్లో రెండు ప్రశ్నలు మొదలవుతాయి. ఎప్పటికి తగ్గుతుందన్నది ఒకటి. ఏం పాపం చేశామని ఇది మనకు వచ్చిందన్నది రెండోది. మొదటిదానికి వైద్యం ఇచ్చే జవాబు మింగుడుపడనిదే కాని అందులో దాపరికం లేదు. పూర్తిగా పోగొట్టే మందు ఇప్పటికి లేదు, అదుపులో పెట్టుకునే మందులు మాత్రం చాలా ఉన్నాయి. రెండోదానికి మన ఇళ్లలో జవాబులకు కొదవ లేదు. పూర్వజన్మ కర్మ అంటారు, సర్పదోషం అంటారు, ఎవరి ఉసురో తగిలిందంటారు. చెప్పేవాళ్లు చాలాసార్లు రోగి మేలు కోరేవాళ్లే. అయినా ఆ జవాబు అక్కడితో ఆగదు. మందు మొదలుపెట్టాలా వద్దా, మొదలుపెట్టినా ఎన్నాళ్లు వాడాలి, నలుగురిలోకి వెళ్లాలా ఇంట్లోనే ఉండిపోవాలా, పెళ్లి చేసుకోవచ్చా అన్న ప్రతి నిర్ణయంలోనూ అది చెయ్యి పెడుతుంది. అందుకే దీన్ని మూఢనమ్మకమని ఒక్క మాటతో తోసేయకుండా, నమ్మేవారి శాస్త్రాల్లోకే వెళ్లి పరీక్షించాలని నా ఉద్దేశం. నా వాదం ఇది: కర్మను నిజంగా నమ్మేవాడు ఎదుటివాడి రోగాన్ని శిక్షగా చదవడానికి వీల్లేదు. కర్మ అన్న ఆలోచన రోగి రేపు పొద్దున ఏం చేయాలో చెప్పడానికి పనికొస్తుంది. గతంలో అతను ఏం చేసి ఉంటాడో పక్కవాడు తేల్చడానికి పనికిరాదు.

ముందు జబ్బు సంగతి. చర్మం అడుగు పొరలో పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి మామూలుగా నెల రోజుల దాకా పడుతుంది. సోరియాసిస్‌లో అదంతా నాలుగైదు రోజుల్లో జరిగిపోతుంది. ముదరని కణాలు ఒకదానిమీద ఒకటి పేరుకుని, ఎర్రటి మచ్చల మీద, చామనఛాయ ఒంటి మీదైతే ముదురురంగు మచ్చల మీద, తెల్లటి పొలుసులుగా లేస్తాయి. మోచేతులు, మోకాళ్లు, తల, నడుము, గోళ్లు దీనికి ఇష్టమైన చోట్లు. మూలం చర్మంలో ఉన్నట్టు కనిపించినా అసలు గొడవ రోగనిరోధక వ్యవస్థది. ఒంటిని కాపాడాల్సిన టి కణాలు, ఇంటర్‌ల్యూకిన్-23, ఇంటర్‌ల్యూకిన్-17, టీఎన్‌ఎఫ్ అనే సంకేత పదార్థాల ద్వారా లేని శత్రువు మీద యుద్ధం ప్రకటిస్తాయి. ఇందులో ఒకరినుంచి ఒకరికి పాకే క్రిమి లేదు. కాబట్టి ముట్టుకున్నా, పక్కన పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా అంటదు. రోగుల్లో పదిమందికి ఇద్దరు ముగ్గురిలో ఇది కీళ్లకూ పాకుతుంది. తీవ్రంగా ఉన్నవారిలో గుండెజబ్బు, మధుమేహం, మానసిక కుంగుబాటు మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తాయి. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ దీన్ని అంటువ్యాధి కాని, నొప్పి కలిగించే, మనిషిని కుంగదీసే దీర్ఘకాలిక వ్యాధిగా గుర్తిస్తూ తీర్మానం చేసింది. ప్రపంచంలో కనీసం 10 కోట్లమంది దీనితో బతుకుతున్నారని రెండేళ్ల తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెప్పింది. పైగా ఇది చాలామందికి ఇరవైలలోనే, అంటే చదువు ముగిసి ఉద్యోగం, పెళ్లి అనుకునే వయసులోనే బయటపడుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. బీపీ, షుగరు కూడా జీవితాంతం ఉండేవే. వాటికీ రోజూ మందు కావాలి, పథ్యం కావాలి. కాని బీపీ వచ్చినవాణ్ణి ఏ జన్మలో ఏం చేశావని ఎవరూ అడగరు. థైరాయిడ్ మాత్ర వేసుకునే కోడలికి దోషపరిహారం చేయించమని చెప్పే అత్తగారు అరుదు. అదే చర్మం మీద మచ్చ లేస్తే జాతకం బయటికి వస్తుంది. పాపం నిజంగా రోగరూపంలో పండేదైతే రక్తనాళాల్లో పండినదానికీ మోచేతి మీద పండినదానికీ ఎందుకింత భేదం? ఈ తీర్పు శాస్త్రంనుంచి పుట్టలేదని, చూసేవాడి కంటినుంచి పుట్టిందని అనుమానించడానికి ఇదొక్కటే చాలు. లోపల దాగిన జబ్బు దురదృష్టం, పైకి కనిపించిన జబ్బు దోషం అన్నట్టుగా ఉంది మన లెక్క.

ఆ లెక్క మనదొక్కరిదే అనుకోనక్కర్లేదు. బైబిల్‌లో లేవీయకాండం 13వ అధ్యాయం చర్మం మీది మచ్చలను యాజకుడు పరీక్షించి శుద్ధుడో అశుద్ధుడో తేల్చే విధానాన్ని వివరంగా చెబుతుంది. అక్కడ కుష్ఠు పేరుతో చెప్పినది ఒక్క రోగం కాదని, పలు చర్మవ్యాధుల గుంపని చాలామంది పండితుల అభిప్రాయం. మధ్యయుగాల యూరప్‌లో కుష్ఠు పేరుతో ఊరి బయటికి గెంటివేతకు గురైనవారిలో సోరియాసిస్ రోగులు కూడా ఉండి ఉంటారని చరిత్రకారులు భావిస్తారు. లండన్ వైద్యుడు రాబర్ట్ విల్లన్ 1808 ప్రాంతంలో ఈ జబ్బు లక్షణాలను శ్రద్ధగా వర్ణించినా, ఆయన కూడా దీనికి కుష్ఠును గుర్తుచేసే పేరే ఉంచాడు. 1841లో వియన్నాలో ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా ఆ రెంటినీ విడదీశాడు. మన దగ్గర చరకుడు కుష్ఠాలను పద్దెనిమిదిగా లెక్కపెట్టాడు, ఏడు మహాకుష్ఠాలు, పదకొండు క్షుద్రకుష్ఠాలు. వాటిలో ఏకకుష్ఠం, కిటిభం అనేవాటి లక్షణాలు సోరియాసిస్‌కు దగ్గరగా ఉన్నాయని ఈనాటి ఆయుర్వేద వైద్యులు చెబుతారు. అంటే వేల ఏళ్లుగా సోరియాసిస్ రోగి మరొక రోగానికి పడిన నిందను కూడా మోస్తూ వచ్చాడు. ఆ మరో రోగానికైనా ఆ నింద న్యాయం కాదు. 1873లో హాన్సెన్ కుష్ఠు క్రిమిని కనిపెట్టాడు, ఇరవయ్యో శతాబ్దం చివరికల్లా దాన్ని పూర్తిగా నయంచేసే మందులూ వచ్చాయి. అయినా కుష్ఠు ఉండటాన్ని విడాకులకు కారణంగా మన హిందూ వివాహ చట్టం 2019 దాకా ఒప్పుకుంటూనే వచ్చింది. చర్మం మీద పడిన ముద్ర మందుతో పోయినంత తొందరగా మనసులోంచి పోదు.

ఇప్పుడు నా వాదానికి ఎదురయ్యే గట్టి ఆక్షేపణ. శాస్త్రాలే చెబుతున్నాయి కదా అంటారు. అబద్ధం కాదు. మనుస్మృతి పదకొండో అధ్యాయం ఏ పాపానికి ఏ అంగలోపమో, ఏ రోగమో జాబితా ఇస్తుంది. అందులో చర్మరోగమూ ఉంది. కర్మవిపాక గ్రంథాలు ఆ జాబితాను ఇంకా పొడిగించాయి. వైద్యగ్రంథమైన చరకసంహిత కూడా కుష్ఠ చికిత్సాధ్యాయంలో గురువులను అవమానించడాన్ని, పాపకర్మలను కారణాల్లో చేర్చింది. వీటిని దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. కాని చరకుడు ఆ మాట ఎక్కడ అన్నాడో చూడాలి. ఒకదానికొకటి పడని ఆహారాలు, వాంతి వంటి వేగాలను ఆపుకోవడం, ఎండనపడి వచ్చి వెంటనే చన్నీళ్లు తాగడం, పెరుగు, చేపలు, మినుములు, ముల్లంగి అతిగా తినడం, పగటి నిద్ర అంటూ సాగిన పెద్ద జాబితా చివర్లో అదొక్క ముక్క. ఆ తర్వాత అధ్యాయమంతా కషాయాలు, లేపనాలు, ఘృతాలు, శోధనలే. పాపం చేశాడు కాబట్టి వైద్యం చేయవద్దని గాని, రోగి ముందు తన పాపం ఒప్పుకోవాలని గాని అందులో లేదు. పూర్వజన్మలో చేసిన పాపం రోగమై బాధిస్తుందని చెప్పే శ్లోకం ఒకటి పెద్దల నోట తరచు వినిపిస్తుంది. దాని రెండో సగాన్ని ఎవరూ గుర్తుచేయరు. ఆ పాపం శాంతించే దారులను చెబుతూ అది ఔషధాన్నే మొట్టమొదట నిలబెట్టి, దానం, జపం, హోమం, పూజ ఆ తర్వాత చెబుతుంది. మొదటి సగాన్ని నమ్మినవాడు రెండో సగానికి కూడా కట్టుబడాలి. అలా కట్టుబడితే ఆ శ్లోకం చేతిలో పట్టుకుని డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

ఆక్షేపకుడు ఇంకాస్త లోతుకు వెళ్లవచ్చు. జన్యువు, టి కణం, ఇంటర్‌ల్యూకిన్ ఇవన్నీ ఎలా వచ్చిందో చెబుతాయి, ఇంతమందిలో నాకే ఎందుకు వచ్చిందో చెప్పవు, ఆ ఖాళీని కర్మ తప్ప ఏదీ పూరించలేదు అని. ఇది తేలికగా కొట్టిపారేయదగ్గ మాట కాదు. చూపుకు అందే కారణం వెనక అందని కారణం ఉండవచ్చని మన దర్శనాలు ఒప్పుకున్నాయి. అయితే వాటిలోనే మీమాంసకులు ఒక కట్టుదిట్టమైన నియమం పెట్టారు. కనిపించే ప్రయోజనంతో సంగతి తేలుతున్నప్పుడు కనిపించనిదాన్ని ఊహించకూడదని. వాళ్లు దాన్ని యజ్ఞకర్మల విషయంలో వాడారు, రోగాల విషయంలో ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. బుద్ధుడి దగ్గరికి మోలియశివకుడనే పరివ్రాజకుడు వచ్చి, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలాలే అనేవారి గురించి అడిగిన సంవాదం సంయుత్తనికాయంలో ఉంది. పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడింటి కలయిక, ఋతువుల మార్పు, అజాగ్రత్త, ఇతరులు చేసే హింస, చివరగా కర్మఫలం అంటూ బుద్ధుడు ఎనిమిది కారణాలు చెబుతాడు. ఎనిమిదింటిలో కర్మ ఒకటి. అన్నిటికీ అదే కారణమనేవారు తాము స్వయంగా ఎరిగినదాన్నీ, లోకం ఎరిగినదాన్నీ దాటిపోతున్నారని ఆయన తీర్పు. కర్మ గతి గహనమని గీత కూడా అంటుంది. గహనమైనదాన్ని చూసి వినయం రావాలి గాని, ఎదుటివాడి మోచేతి మీది పొలుసుల్లో అతని పాత పాపాలను చదవగలనన్న ధీమా రాకూడదు. కాబట్టి నాకే ఎందుకు అన్న ఖాళీలో కర్మ ఉందనే ఒప్పుకుందాం. ఏ కర్మ, ఎవరిది, ఎప్పటిది అన్నది మనిషికి అందదు. పోల్చుకోలేని తప్పుకు శిక్ష పడిందని చెప్పడం వల్ల రోగి దేన్నీ దిద్దుకోలేడు, ఊరికే సిగ్గుపడతాడు.

పైగా ఈ వివరణ మనిషిని బట్టి వంగుతుంది. దక్షిణేశ్వరం రామకృష్ణ పరమహంస గొంతు క్యాన్సర్‌తో 1886లో పోయారు. అరుణాచలం రమణ మహర్షి చేతికి వచ్చిన క్యాన్సర్‌తో 1950లో దేహం విడిచారు. వాళ్ల విషయంలో భక్తులు పాపమన్న మాట ఎత్తరు, భక్తుల కర్మను తమ మీద వేసుకున్నారంటారు. ఆ భక్తిని నేను తప్పుపట్టడం లేదు. కాని అదే రోగం మహాత్ముడి ఒంట్లో కరుణ అయి, కూలివాడి ఒంట్లో పాపం అయినప్పుడు మనం రోగాన్ని చూసి కర్మను తెలుసుకోలేదు. మనిషి మీద ముందే ఉన్న అభిప్రాయాన్ని రోగం మీదికి ఎక్కించాం. బైబిల్‌లోని యోబు కథలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. అరికాలి నుంచి నడినెత్తి దాకా పుండ్లతో బూడిదలో కూర్చున్న మనిషి దగ్గరికి స్నేహితులు వచ్చి, నువ్వేదో తప్పు చేసే ఉంటావని వాదిస్తారు. చివరికి దేవుడు కోపించింది ఆ స్నేహితుల మీద. ఖురాన్‌లో అయ్యూబ్ ప్రవక్తగా ఈ యోబు పేరే కష్టంలో ఓర్పుకు ఆదర్శంగా వస్తుంది. హిందువైనా క్రైస్తవుడైనా ముస్లిమైనా తెలుగు రోగి పక్కన నిలబడే సాక్ష్యం తన మతంలోనే వెతికితే దొరుకుతుంది.

ఇంకో ఆక్షేపణ మరీ మానవీయమైనది. కర్మ అనుకోవడంలో ఓదార్పు ఉంది కదా, దాన్ని ఎందుకు లాగేసుకోవాలి? ఏ కారణమూ లేని బాధకంటే ఏదో ఒక లెక్క ప్రకారం వచ్చిన బాధను మనిషి తేలికగా మోస్తాడు. అనుభవిస్తే తీరిపోతుందనుకుంటే ఓపిక వస్తుంది. రోగి తనకు తానుగా అలా అనుకుని, అందులో బలం పొంది, మందులు సక్రమంగా వాడుకుంటుంటే ఆ నమ్మకంతో నాకు ఏ తగవూ లేదు. చిక్కంతా అది నోరు మారినప్పుడు వస్తుంది. నేను అనుభవించాలి అని రోగి అంటే అది సహనం. నువ్వు అనుభవించాలి అని పక్కవాడంటే అది శిక్ష చదవడం. 1934 జనవరిలో బీహారులో భూకంపం వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు గాంధీజీ దాన్ని అస్పృశ్యత అనే పాపానికి దైవం వేసిన శిక్షగా చెప్పారు. రవీంద్రనాథ్ టాగూర్ తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. భౌతికమైన ఉత్పాతానికి భౌతిక కారణమే ఉంటుందని, దానికి నైతిక కారణం అంటగడితే ప్రజల్లో అహేతుకత పెరుగుతుందని ఆయన బాధ. గాంధీజీ ఉద్దేశం ఉన్నతమైనది, తనను కూడా కలుపుకునే ఆయన మన పాపం అన్నారు. అయినా టాగూర్ పక్షమే నాకు సరైనదనిపిస్తుంది. ఎందుకంటే ఆ మాట ఎంత మంచి మనసుతో అన్నా, గోడకింద పడి చనిపోయిన పసిపాపకు అది జవాబు కాదు. అయిదేళ్ల పిల్లకు తలనిండా పొలుసులు వచ్చినప్పుడు కూడా ఆ జవాబు అంతే డొల్లగా ఉంటుంది.

కర్మ పోతే జన్యువు వచ్చింది, తలరాత పోయి డీఎన్‌ఏ రాత వచ్చింది, తేడా ఏముందని కొందరు చదువుకున్నవారు అంటారు. తేడా చాలా ఉంది. సోరియాసిస్‌తో బాగా ముడిపడిన హెచ్‌ఎల్‌ఏ-సి*06:02 అనే జన్యురూపం ఉన్నవారిలో ఎక్కువమందికి ఈ జబ్బు జీవితంలో రానే రాదు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి వచ్చి రెండోవారికి రాకపోవడం మామూలే. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నంత మాత్రాన పిల్లలందరికీ రాదు. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ క్రిమి, పొగతాగడం, మద్యం, స్థూలకాయం, తీవ్రమైన మానసిక ఒత్తిడి, లిథియం, క్లోరోక్విన్, బీటా బ్లాకర్ల వంటి కొన్ని మందులు, చివరికి చర్మం మీద పడిన గీత కూడా జబ్బును లేపుతాయి. గాయమైన చోటే కొత్త మచ్చ లేవడాన్ని పందొమ్మిదో శతాబ్దంలోనే హైన్రిష్ కోబ్నర్ గుర్తించాడు. అందుకే పొలుసులను గోకి, గట్టిగా రుద్ది ఊడదీస్తే జబ్బు పెరుగుతుంది. ఇక్కడ రాసిపెట్టినది కొంత, మనిషి చేతిలో ఉన్నది కొంత. చరకసంహిత విమానస్థానంలో అగ్నివేశుడు ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటుందా అని అడిగితే గురువు ఆత్రేయుడు చెప్పినదీ ఇదే తీరు. దైవం ఉంది, పురుషకారమూ ఉంది, బలమైనది బలహీనమైనదాన్ని అణుస్తుంది. అంతా నిర్ణయమై ఉంటే ఔషధాలూ మంత్రాలూ ఎందుకు, మదపుటేనుగు ఎదురొస్తే పక్కకు తప్పుకోవడం ఎందుకు అని ఆయన ప్రశ్న.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ పాత వైద్యులు రోగాలను విభజించిన తీరు. తేలికగా నయమయ్యేవి, కష్టంతో నయమయ్యేవి, వైద్యుడు చేతులెత్తేయాల్సినవి. వీటి మధ్య యాప్యం అని ఒక తరగతి పెట్టారు. పూర్తిగా పోదు, పథ్యంతో మందుతో నడుస్తుంది, కొద్దిగా సుఖమిస్తుంది, చిన్న కారణానికే మళ్లీ లేస్తుంది. చరకుడి ఈ వర్ణన సోరియాసిస్ రోగి చదివితే తనను చూసి రాసినట్టే ఉంటుంది. పడిపోబోయే ఇంటిని సరిగా నిలబెట్టిన ఊతకర్ర మోసినట్టు, తగిన చికిత్స యాప్యరోగిని నిలబెడుతుందని సుశ్రుతుడు అన్నాడు. ఊతకర్ర ఇంటిని కొత్తది చేయదు. అయినా దాని కింద సంసారం సాగుతుంది, పిల్లలు పెరుగుతారు, పండగలు జరుగుతాయి. నయం కావడం, చేయిదాటిపోవడం అనే రెండు గదులే ఉన్నాయనుకునేవారికి ఈ మూడో గది కనిపించదు. ఆశ, నిరాశ ఈ రెంటి మధ్యే ఊగిసలాడతారు.

ఆ మూడో గదిలో బతకడానికి గీత చెప్పిన కర్మయోగం కంటే పనికొచ్చే తత్త్వం నాకు తెలియదు. ఫలం మీద ఆసక్తి వదిలి చేయవలసినది చేయడమంటే సోరియాసిస్ రోగి విషయంలో చాలా నిర్దిష్టమైన పనులు. స్నానం కాగానే ఒళ్లు కాస్త తడిగా ఉండగానే వాజలిన్ వంటిదేదైనా రాసుకోవడం. డాక్టరు రాసిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంటును చెప్పినన్నాళ్లే, చెప్పిన చోటే వాడటం. తలకు కోల్‌తార్ షాంపూ. బరువు తగ్గించుకోవడం, పొగ, మద్యం మానడం. ఇంకా ఎక్కువైతే 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి చికిత్స. యాభై ఏళ్లకు పైగా వాడుకలో ఉన్న మెథోట్రెక్సేట్ మాత్ర అయితే వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణాలకే ప్రమాదం, గర్భం ధరించే ఆలోచన ఉన్నవారు దాని జోలికే పోకూడదు, కాలేయానికీ రక్తానికీ పరీక్షలు జరుగుతుండాలి. ఈమధ్య ఇంటర్‌ల్యూకిన్లను నేరుగా అడ్డుకునే బయోలాజిక్ ఇంజెక్షన్లు వచ్చాయి. మన దేశంలోనే బెంగళూరు బయోకాన్ సంస్థ ఇటోలిజుమాబ్ అనే ఇంజెక్షన్‌ను 2013లో సోరియాసిస్ కోసం తెచ్చింది. వీటిలో కొన్నిటితో చర్మం దాదాపు శుభ్రమైపోయేవారున్నారు, ఖరీదు మాత్రం చాలామందికి అందదు. ఈ పనుల్లో ఏదీ ఒక్క వారంలో ఫలితం చూపించదు. ఫలం మీదే కళ్లు పెట్టుకున్నవాడు మూడో వారానికి విసిగి మానేస్తాడు, లేదా మచ్చలు తగ్గగానే మానేస్తాడు. రెండు సందర్భాల్లోనూ జబ్బు తిరగబడుతుంది. ఫలానికి మనసును తాకట్టు పెట్టనివాడే ఏళ్ల తరబడి వైద్యం కొనసాగించగలడు. నిష్కామకర్మ అంటే ఉదాసీనత అనుకునేవారికి ఇది జవాబు. మాత్ర మరిచిపోవడం వైరాగ్యం కాదు.

దేహం అనిత్యం, దానిమీద ఇంత శ్రద్ధ దేనికని వేదాంతం మాట్లాడేవారికి కూడా చరకుడి దగ్గరే జవాబుంది. మనిషి కోరదగిన మూడింటిలో ప్రాణాన్ని మొదట, ధనాన్ని తర్వాత, పరలోకాన్ని చివర పెట్టాడాయన. ప్రాణం పోతే మిగిలినవీ పోతాయి కనుక. ఒళ్లంతా దురదపెట్టి రాత్రి నిద్రలేనివాడికి ధ్యానం కుదరదన్నది చెప్పాల్సిన పనే లేదు.

మొక్కుకున్నాక తగ్గిందని, ఫలానా ఊళ్లో పసరు మందు తిన్నాక పోయిందని చెప్పేవారి సంగతేమిటి? వాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. సోరియాసిస్ స్వభావమే హెచ్చుతగ్గులది. ఎండాకాలం తగ్గి చలికాలం పెరగడం చాలామందిలో ఉంటుంది. ఏమీ చేయకపోయినా నెలల తరబడి మాయమై మళ్లీ రావచ్చు. జబ్బు బాగా ముదిరినప్పుడే మనిషి మొక్కుకుంటాడు, దూరం ప్రయాణం చేసి పసరు తాగుతాడు. ముదిరినది సహజంగానే కొంత దిగుతుంది. ఆ దిగుదల ఖ్యాతి ఆఖరున చేసిన పని ఖాతాలో పడుతుంది. తిరిగి వచ్చినప్పుడు మాత్రం పథ్యం తప్పావనో, నమ్మకం చాలలేదనో నింద రోగి మీదికే వస్తుంది. గెలిస్తే మందుది, ఓడితే రోగిది అన్న ఈ న్యాయం వెనకటి జన్మ పాపం అన్న వాదానికి అన్నదమ్ముల వరసే. శాశ్వతంగా నయం చేస్తామనే ప్రకటనలు ఈ రెంటినీ వాడుకుంటాయి. అలాంటి పొట్లాల్లో చాటుగా కలిపిన స్టెరాయిడ్ వారంలో అద్భుతం చూపించి, ఆపగానే ఒళ్లంతా ఎర్రబారి, చీముపొక్కులు లేచి ఆసుపత్రి పాలు చేయగలదు. ఇది నాటువైద్యానికే పరిమితమైన తప్పు కూడా కాదు. 1786లో థామస్ ఫౌలర్ ప్రచారం చేసిన పాషాణపు ద్రావణాన్ని పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద పెద్ద వైద్యులే సోరియాసిస్‌కు ఇచ్చారు. పొలుసులు తగ్గాయి, ఏళ్ల తర్వాత చర్మ క్యాన్సర్లు వచ్చాయి. పూర్తిగా పోగొట్టాలన్న తొందర ఎవరి చేతనైనా విషం ఇప్పించగలదు.

అయితే దేవుడి దగ్గరికి వెళ్లవద్దా అని అడిగితే, వెళ్లమనే అంటాను. శ్రీకాకుళం దగ్గర అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి చర్మవ్యాధులున్నవారు తరతరాలుగా వెళుతున్నారు. కృష్ణుడి కొడుకు సాంబుడు కుష్ఠు సోకి సూర్యుణ్ణి ఆరాధించి బాగుపడిన పురాణకథ దేశమంతా సూర్యాలయాల చుట్టూ వ్యాపించి ఉంది. ఎండలో ఉన్న అతినీలలోహిత కిరణాలు చర్మంలో చెలరేగిన రోగనిరోధక కణాలను అణుస్తాయన్నది ఈనాడు వైద్యం వాడుకుంటున్న సంగతి. మన బావంచాల గింజల్లో ఉండే సోరాలెన్ అనే పదార్థాన్ని అతినీలలోహిత కాంతితో కలిపి సోరియాసిస్‌కు వాడటం 1970లలో మొదలైంది. దీన్ని చూసి మన పూర్వులకు అంతా ముందే తెలుసని చెప్పడం నాకు నచ్చదు. తెలిసినది పరిశీలన, తెలియనిది కొలత. ఎండ ఎంత, ఎంతసేపు అన్న కొలత లేకుండా బావంచాలు పూసుకుని ఎండలో నిలబడితే ఒళ్లు కాలి బొబ్బలెక్కుతుంది. కాని ఆ కథలో నన్ను ఆకట్టుకునేది వేరే ఉంది. సాంబుడికి శాపం ఎందుకు తగిలిందో పురాణం ఏదో చెప్పింది, జనం మాత్రం దాన్ని గుర్తుపెట్టుకోలేదు. ఏళ్ల తరబడి అతను చేసిన ఆరాధనను గుర్తుపెట్టుకున్నారు. జనం జ్ఞాపకానికి కూడా వెనక జరిగినదానికంటే తర్వాత చేసినదే ముఖ్యమైంది.

ఇక మిగిలింది చుట్టూ ఉన్నవారి కర్మ. ఇది గహనమైనది కాదు, అందరి కళ్ల ముందే జరుగుతుంది. పెళ్లిలో పంక్తిలో పక్కన కూర్చున్నవాడు విస్తరి జరుపుకుంటే ఆ పని ఈ జన్మలో, ఆ క్షణంలో అతను చేసినదే. క్షౌరం చేయనని కత్తి పక్కన పెట్టినా, అంటదని తెలిసీ పిల్లలను దూరం లాగినా, సంబంధం కుదిరే దాకా దాచి తర్వాత కోడలి మీద నెపం వేసినా అంతే. కర్మఫలాన్ని నమ్మేవారు రోగి పాత పాపం గురించి మాట్లాడుతూ తమ కొత్త పాపం ఖాతా తెరుస్తున్నారని మరిచిపోతారు. సోరియాసిస్ రోగుల్లో కుంగుబాటు ఎక్కువని, మానసిక ఒత్తిడి జబ్బును లేపుతుందని ముందే చెప్పుకున్నాం. అంటే పక్కవాడి చూపు, మాట రోగి చర్మం దాకా చేరగలవు. ఇంట్లో ఈ జబ్బున్న మనిషికి ఆ ఇంటివారు చేయగలిగిన సాయం పెద్దదేమీ కాదు. వారానికోసారి మాత్ర వేసుకునే రోజును గుర్తుచేయడం, వీపుకు చెయ్యి అందని చోట ఆయింట్‌మెంట్ రాయడం, సంబంధం మాట్లాడే రోజునే జబ్బు పేరు చెప్పి అంటదని కూడా చెప్పడం.